వద్దనుకుంటే వద్దని చెప్పాలి

ఈమెయిల్ పంపాక మళ్లీ ఫోన్ చేసి “చేరిందాండీ?” అని అడగాల్సి వస్తోంది. మా విశ్రాంత ఉపాధ్యాయుల సంఘంలో ఇది నెలనెలా ఉండే తంతు. డీఏ బకాయిలు, లైఫ్ సర్టిఫికెట్ గడువు, ఆస్పత్రి బిల్లుల రీయింబర్స్‌మెంటు, ఎవరైనా కాలం చేస్తే ఆ కబురు, అన్నీ కలిపి కార్యదర్శి గారు ఒక ఉత్తరం రాసి 600 మంది సభ్యులకూ పంపిస్తారు. చాలామంది “అందింది మాస్టారూ” అంటారు. కొందరికి మనవడో మనవరాలో “తాతయ్యా, స్పామ్‌లో పడింది చూడు” అని వెతికి తీసిస్తారు. ఇంకొందరికి అది ఎక్కడా కనబడదు. ఇన్‌బాక్సులో లేదు, స్పామ్‌లో లేదు, పోనీ చేరలేదని మాకు తిరిగీ రాలేదు. గడువు దాటి, పెన్షన్ ఆగాక ఆ పెద్దమనిషి సంఘం ఆఫీసు మెట్లెక్కి వచ్చి “మాకు ఒక్క ముక్క రాయలేదేమండీ” అని అడుగుతాడు. పంపినట్టు కార్యదర్శి గారి దగ్గర రుజువుంది, రానట్టు ఆయన దగ్గర రుజువుంది.

తిరిగొచ్చిన ఉత్తరంతో పేచీ లేదు. ఎందుకొచ్చిందో చదువుకుని మరో దారి చూసుకుంటాం. నా గోడంతా చెప్పాపెట్టకుండా మాయమయ్యే ఉత్తరం గురించే. అది ఎలా మాయమవుతుందో తెలియాలంటే అసలు మెయిల్ ఎలా నడుస్తుందో కాస్త దగ్గరగా చూడాలి.

మనం ‘సెండ్’ నొక్కగానే రెండు కంప్యూటర్లు మాట్లాడుకోవడం మొదలుపెడతాయి. ఆ మాటల పద్ధతిని జాన్ పోస్టెల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1982 ఆగస్టులో రాసిపెట్టాడు. దాన్ని ఎస్‌ఎంటీపీ అంటారు. మధ్యలో ఎన్ని హంగులు చేరినా ఇవాళ్టికీ నడిచేది అదే. పంపే యంత్రం తీసుకునే యంత్రం తాలూకు 25వ నంబరు పోర్టు దగ్గరికెళ్లి “హెలో, నేను ఫలానా” అంటుంది. అవతలిది “250” అంటుంది, అంటే సరేనని. “మెయిల్ ఫ్రమ్” అని పంపేవారి అడ్రసు చెబుతుంది. మళ్లీ 250. “ఆర్‌సీపీటీ టూ” అని అందుకోవలసినవారి అడ్రసు చెబుతుంది. ఆ పేరుతో పెట్టె ఉంటే 250, లేకపోతే 550. తర్వాత “డేటా” అంటే అవతలిది 354 అంటుంది, ఇక కానివ్వమని. అప్పుడు ఉత్తరం మొత్తం వరసవరసగా అప్పజెప్పి, అయిపోయిందని గుర్తుగా ఒక వరసలో చుక్క ఒక్కటే పెడుతుంది. ఆ చుక్కకు జవాబుగా ఇంకో 250 వస్తుంది. అంతే, మెయిల్ వెళ్లినట్టు.

ఈ చివరి 250 ఉంది చూశారూ, దాని బరువు వేరు. “ఉత్తరం నా చేతికి ముట్టింది, ఇకనుంచి పూచీ నాది. చేరిస్తే చేరుస్తాను, చేర్చలేకపోతే ఆ సంగతి పంపినవారికి చెబుతాను” అని దాని అర్థం. ఇది నా సొంత వ్యాఖ్యానం అనుకోకండి. ఎస్‌ఎంటీపీ ప్రమాణ పత్రంలోనే అలా రాసుంది. 2008లో దాన్ని తిరగరాసినప్పుడూ ఆ పూచీని అలాగే ఉంచారు. సంఘం ఉత్తరాలు కొన్నిటికి ఈ 250 వచ్చింది, ఆ తర్వాత అవి ఎవరికీ దొరకలేదు.

ఇదే సంభాషణలో ఒక పెద్ద లొసుగూ ఉంది. “మెయిల్ ఫ్రమ్” దగ్గర ఎవరు ఏ అడ్రసైనా చెప్పొచ్చు. శుభలేఖ కవరు మీద ‘నుండి’ అన్నచోట ఎవరి పేరు రాసినా పోస్టుమాన్ గుర్తింపు కార్డు అడగడు కదా, ఇదీ అంతే. పైగా కవరు మీద ఒక పేరు, లోపలి కార్డులో ఇంకో పేరు ఉండొచ్చు. మన కంటికి కనబడేది లోపలి పేరు. యంత్రాలు మొదట చూసుకునేది కవరు మీది పేరు. ఆ రోజుల్లో నెట్‌వర్కు అంటే కొన్ని విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు, రక్షణ శాఖ పనులు చేసేవాళ్లు. ఒకరికొకరు ఎరిగినవాళ్లే. దొంగపేరు పెట్టుకోవలసిన అవసరం ఎవరికుంటుంది?

పోస్టెల్‌కు మాత్రం ఈ నెట్‌వర్కును ఎవరైనా దుర్వినియోగం చేస్తారేమోనన్న అనుమానం ముందే వచ్చింది. 1975 నవంబరులోనే, ఎస్‌ఎంటీపీకి ఏడేళ్ల ముందే, చెత్త ఉత్తరాల సమస్య మీద ఆయన ఓ చిన్న పత్రం రాశాడు. అక్కర్లేని ఉత్తరాలు ఒకచోటి నుంచి వచ్చిపడుతుంటే వాటిని తీసుకోనని చెప్పే దారి యంత్రానికి లేదే అని అందులో బాధ. మూడేళ్లు తిరక్కుండానే ఆ భయం నిజమైంది. 1978 మే నెలలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో అమ్మకాలు చూసే గ్యారీ థ్యూర్క్, తమ కొత్త కంప్యూటర్లను చూడటానికి రమ్మని ఆర్పానెట్ అనే ఆనాటి నెట్‌వర్కులో సుమారు 400 మందికి ఒకేసారి మెయిల్ పంపాడు. అన్ని అడ్రసులు ఒక్క ఉత్తరంలో పట్టక, మిగిలినవి ఉత్తరం మధ్యలోకి పొర్లిపోయాయి. పెద్ద రభసే అయింది. పిలుపైతే అందింది. అమ్మకాలూ జరిగాయి. చిక్కల్లా అక్కడే మొదలైంది.

ఎందుకంటే పంపడానికి ఖర్చు దాదాపు లేదు. పోస్టులో పది లక్షల కరపత్రాలు పంపాలంటే ఆస్తులు అమ్ముకోవాలి. పది లక్షల మెయిళ్లు పంపి వాటిలో ఏ ఇద్దరు ముగ్గురు మోసపోయినా పంపినవాడికి లాభమే. 2008 నవంబరులో అమెరికాలో మెకోలో అనే ఒక్క సర్వర్ల కంపెనీకి ఇంటర్నెట్ తీగ తెంపేస్తే, ప్రపంచం మొత్తం మీద చెత్త మెయిళ్లు రాత్రికి రాత్రి సగానికి పైగా తగ్గాయి. కొన్ని నెలల్లో మళ్లీ మామూలే అనుకోండి. మెయిల్ సంస్థలు ఇంత కటువుగా ఎందుకున్నాయో ఈ ఒక్క సంగతి చాలు అర్థం కావడానికి. వాళ్లు గనక తలుపులు బార్లా తీసి పెడితే మన ఇన్‌బాక్సులో మన ఉత్తరం మనకే కనబడదు. కాబట్టి వడపోత వద్దని నేను అనను.

ఆ వడపోతలో మొదటిది, ఎవరు పంపారని కాకుండా ఎక్కడినుంచి వచ్చిందని చూడటం. ప్రతి యంత్రానికీ ఒక ఐపీ అడ్రసు ఉంటుంది. చెత్త పంపిన ఐపీ అడ్రసుల చిట్టాలు కొన్ని సంస్థలు నడుపుతాయి. 1997లో పాల్ విక్సీ అనే ఆయన ఇలాంటి చిట్టా తెచ్చాడు, మరుసటి ఏడాది స్పామ్‌హాస్ అనే సంస్థ మొదలైంది. చిట్టాను అడిగే పద్ధతి భలే తేలికగా ఉంటుంది. ఉత్తరం 192.0.2.10 నుంచి వచ్చిందనుకోండి, తీసుకునే యంత్రం ఆ అంకెలను వెనకనుంచి ముందుకు 10.2.0.192 అని తిప్పి, చివర చిట్టా పేరు తగిలించి, అలాంటి అడ్రసు ఉందా అని డీఎన్‌ఎస్‌ను, అంటే ఇంటర్నెట్ పేర్ల డైరెక్టరీని, అడుగుతుంది. 127.0.0.2 లాంటి జవాబొస్తే చిట్టాలో ఉన్నట్టు. జవాబు లేకపోతే లేనట్టు. రెప్పపాటులో అయిపోతుంది.

మా కార్యదర్శి గారి కష్టాలు ఇక్కడే ముదిరాయి. మొదట ఉచిత ఖాతా నుంచే పంపేవారు. ఉచిత ఖాతాలకు రోజుకు ఇంతమందికి మించి పంపకూడదని పరిమితి ఉంటుంది, జీమెయిల్‌లో అయితే 500. ఆయన వాడింది ఏ సంస్థదైతేనేం, 600 మందికి ఒక్కసారి పంపేసరికి ఖాతాకు తాళం పడింది. పోనీ సంఘం పేర సొంత డొమైన్ తీసుకుందామని చందాలు వేసుకుని చవకలో ఒక సర్వర్‌లో చోటు అద్దెకు తీసుకున్నాం. ఆ సర్వర్‌లో మాలాంటి వాళ్లు వందల మంది, అందరికీ కలిపి ఐపీ అడ్రసు ఒకటే. వాళ్లలో ఎవరో ఎప్పుడో చేసిన నిర్వాకానికి ఆ అడ్రసు చిట్టాకెక్కింది. మా ఉత్తరం ఇంకా విప్పి చూడకముందే 550 అని తిప్పికొట్టారు. కార్యదర్శి గారు ఎంత నొచ్చుకున్నారో చెప్పలేను. నలభై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి, మోసగాళ్ల చిట్టాలో తన సంఘం అడ్రసు చూసుకున్నారు. కానీ ఒక్కటి, ఆ 550 పక్కనే ఏ చిట్టాలో ఉందో, ఎక్కడ అర్జీ పెట్టుకోవాలో రాసుంది. అర్జీ పెట్టాం, సర్వర్ యజమాని అడ్రసు మార్చాడు, పని జరిగింది.

ఇంట్లో కంప్యూటర్ నుంచే నేరుగా పంపుకుందామని కుర్రాళ్లెవరైనా సలహా ఇస్తే అదీ కుదరదు. ఇంటి కనెక్షన్ల నుంచి బయటికి పోయే 25వ పోర్టును చాలా ఇంటర్నెట్ కంపెనీలు మూసేస్తాయి. వైరస్ పట్టిన ఇంటి కంప్యూటర్లే ఒకప్పుడు చెత్తలో చాలాభాగం పంపేవి మరి. మన ఉత్తరం 587వ పోర్టు దగ్గర పాస్‌వర్డ్ చెప్పుకుని మన మెయిల్ సంస్థ ద్వారానే పోవాలి.

రెండో వడపోత ఉత్తరంలోని మాటలను చూసేది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది, ఎందుకంటే దీనికి మూలం 18వ శతాబ్దపు లెక్క. థామస్ బేస్ అనే ఇంగ్లండ్ మతాచార్యుడు సంభావ్యత మీద రాసుకున్న వ్యాసాన్ని, ఆయన చనిపోయాక 1763లో స్నేహితుడు అచ్చు వేయించాడు. ఆ లెక్కను చెత్త మెయిళ్లకు వాడే ప్రయత్నాలు 1998లో మొదలయ్యాయి. 2002లో పాల్ గ్రాహం అనే ప్రోగ్రామర్ రాసిన వ్యాసంతో అందరి చేతికీ వచ్చింది.

మా సంఘం ఉత్తరంతోనే ఆ లెక్క చేద్దాం. అంకెలు నేను అనుకున్నవి, లెక్క మాత్రం అసలుదే. ఓసారి మేం సభ్యులకు ఇలా రాశాం: “మీకు లాటరీ తగిలిందని ఎవరైనా మెయిల్ పంపితే నమ్మకండి.” 100 చెత్త ఉత్తరాల్లో ‘లాటరీ’ అనే మాట 40 ఉత్తరాల్లో కనబడిందనుకుందాం, 100 మంచి ఉత్తరాల్లో ఒక్కదాంట్లోనే. ఈ ఒక్క మాటను బట్టి చూస్తే మన ఉత్తరం చెత్త అవడానికి 41లో 40 పాళ్లు, అంటే 97 శాతం పైనే. పాపం, మోసం నుంచి కాపాడటానికి రాసిన ఉత్తరం మోసగాడి ఉత్తరంలా కనబడుతోంది. అయితే వడపోత అక్కడే ఆగదు. ఉత్తరంలో ‘పెన్షన్’ అనే మాట కూడా ఉంది. అది చెత్తలో 2, మంచిలో 30. ‘సంఘం’ అన్నది చెత్తలో 1, మంచిలో 20. చెత్త వైపు 40, 2, 1 గుణిస్తే 80. మంచి వైపు 1, 30, 20 గుణిస్తే 600. మొత్తం 680లో 80, అంటే 12 శాతంలోపే. ఉత్తరం గట్టెక్కింది.

కానీ మన తెలుగు సంగతి చూడండి. మనం ‘పెన్షన్’ అని విడిగా ఎప్పుడు రాస్తాం? పెన్షనర్లకు, పెన్షనులో, పెన్షనుదారులందరూ అంటాం. సంఘానికి, సంఘంవారు, సంఘసభ్యులారా అంటాం. ఒట్టి మాటలను లెక్కపెట్టే వడపోతకు ఇవన్నీ ఇంతకుముందెన్నడూ చూడని కొత్త మాటలు. ‘లాటరీ తగిలింది’ అన్నప్పుడు లాటరీ మాత్రం ఏ విభక్తీ అంటకుండా అలాగే ఉంటుంది. చెడ్డ సాక్ష్యం నిలబడుతుంది, మంచి సాక్ష్యం లెక్కలోకి రాదు. గ్రాహం తన పద్ధతిలో కొత్త మాటకు 0.4 వేసుకోమన్నాడు, అంటే కొంచెం మంచి వైపే మొగ్గు. అలా రెండు కొత్త మాటలకు వేసి చూసినా మన ఉత్తరం 94 శాతం పైనే తేలుతుంది. ఆయన పెట్టిన గీత 0.9. ఉత్తరం స్పామ్‌లోకి పోయింది. ఇవాళ్టి పెద్ద సంస్థల వడపోతలు ఇంతకన్నా ఎన్నో సంగతులు చూస్తాయి, మాటను ముక్కలుగా కూడా చూస్తాయి. అయినా తక్కువ ఉత్తరాలు చూసిన భాషలో ఏ వడపోతైనా తడబడుతుంది.

గ్రాహం చేసిన ఇంకో పని నాకు నచ్చింది, పై లెక్కలో నేను దాన్ని కలపలేదు. మంచి ఉత్తరాల్లో వచ్చిన ప్రతి మాటనూ రెండింతలుగా లెక్కపెట్టాడు. ఒక చెత్త ఉత్తరం లోపలికి రావడం చిరాకు, ఒక మంచి ఉత్తరం పోవడం నష్టం, రెండూ ఒకటి కాదని ఆయన లెక్కలోనే రాసుకున్నాడు.

అన్నట్టు, ఉత్తరంతో ఫొటోలు జోడించేవాళ్లకు ఒక మాట. ఎస్‌ఎంటీపీ పుట్టినప్పుడు ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు తప్ప వేరే ఏదీ పోయేది కాదు. అందుకే ఇప్పటికీ ఫొటోలనూ ఫైళ్లనూ బేస్64 అనే పద్ధతిలో ఆ అక్షరాలు, అంకెలు, గుర్తులుగానే మార్చి పంపుతారు. మూడు బైట్లు నాలుగు అక్షరాలవుతాయి. 25 ఎంబీ దాకా పట్టే పెట్టెలో 20 ఎంబీ ఫొటోలు కొన్నిచోట్ల పట్టకపోవడానికి కారణం ఇదే, దారిలో అవి 27 ఎంబీకి పెరుగుతాయి. మెయిల్ సబ్జెక్టులో మనం ‘అమ్మ’ అని రాస్తే యూనికోడ్‌లో నాలుగు సంకేతాలు, ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 12. బేస్64లో అది 16 అక్షరాలై ప్రయాణం చేసి, అటు చేరాక మళ్లీ అమ్మ అవుతుంది.

మూడో వడపోత, ఆ ‘నుండి’ అడ్రసు నిజమో కాదో తేల్చేది. దీనికి మూడు పద్ధతులు కలిపి వాడతారు. ఎస్‌పీఎఫ్‌లో, ‘మా డొమైన్ పేరుతో ఫలానా యంత్రాలే మెయిల్ పంపుతాయి’ అని డొమైన్ సొంతదారు డీఎన్‌ఎస్‌లో ప్రకటిస్తాడు. డీకిమ్‌లో, పంపే యంత్రం ఉత్తరం మీద ఒక రహస్య తాళంచెవితో గణిత సంతకం చేస్తుంది. దాన్ని సరిచూసే బహిరంగ తాళంచెవి డీఎన్‌ఎస్‌లో ఉంటుంది. సంతకం చేసిన భాగంలో దారిలో ఒక్క అక్షరం మారినా సంతకం చెల్లదు. డీమార్క్‌లో, లోపల కనబడే పేరు వీటిలో ఏదో ఒకదానితో సరిపోవాలని, సరిపోకపోతే ఏం చెయ్యాలో చెప్పి ఉంచుతారు: ఊరుకోండి, పక్కన పెట్టండి, తిప్పికొట్టండి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ సంస్థలు తమ పెట్టెలకు పెద్దఎత్తున పంపేవారికి ఈ మూడూ తప్పనిసరి చేశాయి. గూగుల్ అయితే రోజుకు 5000 మెయిళ్లు దాటితే అని గీత గీసింది. తక్కువ పంపేవారికి ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటైనా ఉండాలి.

మంచి నియమాలే. బ్యాంకు పేరుతో వచ్చే దొంగ మెయిళ్లకు ఇంతకన్నా గట్టి మందు లేదు. కానీ మామూలు మనుషులు నడిచే దారులు కొన్ని వీటివల్ల మూసుకుపోయాయి. మా సభ్యుల్లో చాలామందికి పాత అడ్రసు ఒకటుంటుంది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న కొడుకో కూతురో సెలవులకొచ్చినప్పుడు కొత్త అడ్రసు చేసిచ్చి, పాతదానికి వచ్చేవన్నీ కొత్తదానికి పోయేలా ఫార్వర్డ్ పెట్టి వెళ్తారు. మా ఉత్తరం పాత పెట్టెకు సవ్యంగానే చేరుతుంది. అక్కడినుంచి కొత్త పెట్టెకు తీసుకెళ్లేది పాత సంస్థ యంత్రం. మా ఎస్‌పీఎఫ్ ప్రకటనలో ఆ యంత్రం పేరు లేదు. అడ్రసు మాది, తెచ్చింది వేరొకరు, అంటే దొంగ ఉత్తరమే అన్న అనుమానం. డీకిమ్ సంతకం చెక్కుచెదరకుండా ఉంటేనే బతుకుతుంది. దారిలో ఏ యంత్రమో కింద ఒక వాక్యం తగిలించిందా, ఆ సంతకమూ పోతుంది.

ఫిర్యాదుల లెక్క ఇంకోటి. వచ్చిన మెయిళ్లలో ‘ఇది స్పామ్’ అని నొక్కినవాళ్లు 0.3 శాతం దాటకూడదని గూగుల్ అంటుంది. వెయ్యికి ముగ్గురు. మా 600 మందిలో ఇద్దరు నొక్కితే గీత దాటినట్టే. పెద్దవయసువాళ్లు కొందరు ఆ బొత్తాన్ని చదివేసిన ఉత్తరం తీసేయడానికని నొక్కుతారు. కోపంతో నొక్కరు, ఫోన్ తెరమీద అది ముందు కనబడుతుంది గనక నొక్కుతారు. చిన్న సంఘానికి ఇద్దరి వేళ్లు చాలు, పేరు చెడటానికి.

ఇన్ని వడపోతలు దాటలేకపోయిన ఉత్తరాన్ని ఏం చెయ్యాలి? సంభాషణ నడుస్తుండగానే 550 అని చెప్పడం ఒకటి. 250 అని తీసుకుని స్పామ్ పెట్టెలో వేయడం రెండోది, వెతికితే దొరుకుతుంది. 250 అని తీసుకుని, ఎవరికీ చెప్పకుండా పారేయడం మూడోది. ఈ మూడోదానికి ఒకప్పుడు సమంజసమైన కారణమే ఉంది. తీసుకున్నాక చేర్చలేకపోతే, ‘చేరలేదు’ అన్న కబురు కవరు మీది ‘నుండి’ అడ్రసుకు పంపాలి. దొంగ ఉత్తరం మీద ఆ అడ్రసు ఏ పాపమూ ఎరుగని మూడోవారిది. లక్ష దొంగ ఉత్తరాలు వెళ్తే, తిరుగు కబుర్లు వేలకొద్దీ వాళ్ల పెట్టెలో కూలబడతాయి. అందుకని సంస్థలు తిరుగు కబుర్లు తగ్గించేశాయి. అది సబబే. కాని సంభాషణ నడుస్తుండగా 550 అని చెబితే ఈ బాధే లేదు. అప్పుడు ఎదురుగా ఉన్నది పంపుతున్న యంత్రమే, కవరు మీద ఏ పేరుంటేనేం? దొంగ యంత్రమైతే విని ఊరుకుంటుంది. నిజమైనదైతే ఆ మాట తెచ్చి తన మనిషికి చెబుతుంది. ప్రమాణ పత్రం కూడా, గట్టి మోసమని పూర్తి నమ్మకం కుదిరితే తప్ప ఉత్తరాన్ని నిశ్శబ్దంగా పారేయవద్దనే అంటుంది. ఉత్తరం చదివి తేల్చడానికి ఇవాళ్టి యంత్రాలకు క్షణం పట్టదు. చివరి చుక్క పెట్టాక, 250 అనే ముందు ఆ క్షణం తీసుకోవచ్చు. పెద్ద సంస్థలకు ఇది చేతకాని పని కాదు. అందుకే వాళ్లు మౌనంగా పారేసినప్పుడు నేను మనసు కష్టపెట్టుకోకుండా ఉండలేను. ఆ ఉత్తరం మీద ఒక ముసలాయన మందుల డబ్బు ఆధారపడి ఉండొచ్చు.

తిరిగొచ్చిన ఉత్తరం కంటబడితే ఇంగ్లిషు చూసి భయపడి తీసేయకండి, అందులో మూడంకెల సంఖ్య వెతకండి. 4తో మొదలైతే తాత్కాలికం, యంత్రమే మళ్లీ ప్రయత్నిస్తుంది, మీరు మళ్లీ మళ్లీ నొక్కనక్కర్లేదు. 5తో మొదలైతే ఇక చేరదని అర్థం, పక్కనున్న కారణం చదివి ఏదైనా చెయ్యాలి. మీరూ ఓ సంఘం నడుపుతుంటే, సభ్యుల చేత సంఘం అడ్రసును వాళ్ల కాంటాక్టుల్లో వేయించండి, ఒకసారైనా తిరిగి జవాబు రాయించండి. మాట్లాడుకునే అడ్రసుల మీద వడపోతలు చాలామటుకు కాస్త మెత్తగా ఉంటాయి.

ఇంకొకటి చాలామందికి తెలియదు. మెయిల్ తీసుకునే ప్రతి డొమైన్‌లోనూ ‘పోస్ట్‌మాస్టర్’ అనే పేరుతో ఒక పెట్టె ఉండి తీరాలని అదే ప్రమాణ పత్రం చెబుతోంది. మెయిల్ చేరలేదని ఫిర్యాదు రాయాల్సిన చోటు అది. మీ బడికో, గుడికో, కాలనీ సంఘానికో సొంత డొమైన్ ఉంటే ఆ పెట్టె తెరిచి ఉందో లేదో ఇవాళే ఒక ఉత్తరం రాసి చూడండి. లేకపోతే తెరిపించండి. కంప్యూటర్ తెలిసిన కుర్రవాడెవరికైనా వారానికోసారి అది చూసే పని అప్పజెప్పండి. మా సంఘంలో ఆ పని ఇప్పుడు కార్యదర్శి గారి మనవరాలు చూస్తోంది. ఎవరి ఉత్తరం చేరలేదని అందులో కబురొచ్చినా ఆ సాయంత్రమే వాళ్లకు ఫోన్ చేసి గడువు తేదీ చెబుతుంది.